వెలిగే ఉన్న దీపం బొమ్మ

దగ్గరికి జరుగు తల్లీ, గోడకు ఆనుకుని కూర్చో. నాలుగో తరగతితో ఆగిన చేయి రాసిన కాగితం ఇది, నెమ్మదిగా చదువు. ఆరేళ్లుగా ఒక్క మాటను మోస్తున్నాను. "మోగింది." అంతే ఆ మాట.

మా ఆయన అక్క, నాకు వదిన, మన్నళ్ళి ఊళ్లో ఒక్కతే ఉండేది. చదువు రాదు. బీదర్‌లో ఫోన్ యాప్‌లు తయారుచేసే మా కోడలు సునీత ఆమె కోసం ఒకటి చేసింది. తన ఫోన్‌లో బొమ్మ నొక్కితే నా ఫోన్ మోగుతుంది. వదిన రోజుకు పదిసార్లు నొక్కేది. దువ్వెన కనబడలేదని, కూరలో ఉప్పెక్కువైందని. నాకు విసుగు పుట్టింది. విసుగేనా? అంతకన్నా చెడ్డదా? ఇప్పటికీ తేల్చుకోలేను.

ఫోన్ బొమ్మ నొక్కితే కాల్ పోయిందో లేదో వదినకు తెలియడం లేదని సునీత దాన్ని తీసేసి దీపం బొమ్మలు రెండు పెట్టింది. మామూలుగా ఆరిన దీపం, నొక్కితే వెలిగిన దీపం. నేను ఫోన్ ఎత్తితే మళ్లీ ఆరాలి. వదిన మా ఇంటికి వచ్చిన రోజు సునీత ముందు గదిలో ఆమెతో నొక్కించి చూసింది. వంటింట్లో నా పక్కనే ఉన్న ఫోన్ ఉలకలేదు, పలకలేదు.

"అత్తమ్మా, మోగిందా?"

"మోగింది బిడ్డా. చేతులకు పిండున్నది, ఎత్తరాదు. నువ్వే బంద్ చెయ్."

"సూడు మరదలా, దీపం ఎలిగింది! ఇగ నన్ను తప్పించుకోలేవు," అని వదిన నవ్వింది.

నెల దాకా మా ఇంట్లోనే ఉండి, తన ఊరికి వెళ్లిన రోజు మధ్యాహ్నమే పెరట్లో పసుపు ఆరబోస్తూ జారిపడింది. మర్నాడు పాలామె చూసేసరికి ప్రాణం లేదు. ఫోన్ గుప్పిట్లోనే ఉంది. అద్దం మీద దీపం ఉన్నచోట పసుపు వేలిముద్రలు, ఒకదాని మీద ఒకటి. బొమ్మ వెలిగే ఉంది. వెలిగింది కాబట్టి నేను బయలుదేరాననే అనుకుని ఉంటుంది. ఎంతసేపు అనుకుంది?

సునీత యాప్ అంతా వెతికి చూసింది. "కొత్త బొమ్మకు కాల్ కలిపి లేదు అత్తమ్మా. ఆనాడు మోగిందంటివి గదా, మరి తర్వాత నేనే యాడనో చెడగొట్టిన," అని ఏడ్చింది. ఆ పనే మానేసింది. నేను ఆమె కన్నీళ్లు తుడిచాను. నోరు మాత్రం విప్పలేదు.

వదిన ఫోన్ నా చీరల అడుగున ఉంది. ఆరిపోనివ్వడానికి భయం, అందుకే చార్జింగ్ పెడుతుంటాను. ఎప్పుడు తెరిచినా దీపం వెలిగే ఉంటుంది, నేను ఎత్తలేదు గదా. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగితే వంటింట్లో నా ఫోన్ మోగకపోవడం నాకు వినిపిస్తుంది.

మోగలేదు, సునీతా. ఆనాడే మోగలేదు. నువ్వేమీ చెడగొట్టలేదు. ఈ కాగితం మొదట చదవాల్సింది నువ్వే. క్షమించమని అడగను. రాసేశాను, చేయి తేలికైంది, అంతే.

ఇక్కడిదాకా చదివిన తల్లీ, నువ్వింక లే. మీ ఇంట్లో ఎవరు ఎవరిని పిలిచినా పలికే గొంతు ఉండాలి. మీ గడపను దేవుడు చల్లగా కాయాలి.