పసుపు ఎంతదూరం వెళ్లిందో

నా చిన్నప్పుడు, ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో, బా అనే ఊరికి అవతల ఉన్న మా చెరుకు తోటలో ఒక ముంగిస మా నాన్నకు మనశ్శాంతి లేకుండా చేసింది. పొదుగుతున్న కోడిని చంపి గుడ్లన్నీ తినేసింది. ఎలుకలను తింటుందని పూర్వం తెల్లదొరలు తెచ్చి తోటల్లో వదిలిన జాతి అది. తలుచుకున్నప్పుడల్లా మా తాతయ్య నవ్వేవారు. ఎలుకది నైట్ షిఫ్టు, ముంగిసది డే షిఫ్టు, రారవాయి చక్కెర మిల్లులో లాగే ఒకరి మొహం ఒకరు చూసుకోరు అనేవారు.

నాన్న విషం డబ్బా తెచ్చారు. అన్నంలో కలిపి వాగు గట్టున పెడతానన్నారు. తాతయ్య వద్దన్నారు. ఇంత అడవిని, ఇంత వాగును చిటికెడు విషం ఏం చేస్తుంది, దేవుడి సృష్టి అంత బలహీనమా అని నాన్న వాదించారు. భజన మండలికి పెద్ద అయిన తాతయ్య, ఒక్కరోజు ఎర తన చేత్తో పెట్టనివ్వమన్నారు.

విషానికి బదులు పూజగూట్లోని పసుపంతా తెచ్చి, టిన్ను చేప కలిపిన అన్నంలో పిసికారు. కొబ్బరిచిప్పల్లో సర్ది, నాన్న చూపించిన చోట్లలోనే పెట్టారు. చిప్పలు మోసింది నేనే.

మర్నాడు మా తెల్లకోళ్ల రొమ్ములు పచ్చగా ఉన్నాయి. మైనాల ముక్కులు పుట్టుకతోనే పసుపు కాబట్టి వాటిని వదిలెయ్యమన్నారు తాతయ్య. వాగు అవతలి ఫిజియన్ ఆంటీ వచ్చి, నిన్న మీ పూజకు మా పందిని కూడా పిలిచారా అని హిందీలో అడిగింది. దాని ముట్టె నిండా పసుపే. నాన్న కూడా నవ్వారు. అంతలో పాకే వయసు తమ్ముడు మా కుక్క మెడ పట్టుకుని కనిపించాడు. కుక్క మూతి పసుపు. వాడి చేతులు పసుపు. వాడు ఆ వేళ్లు చప్పరిస్తున్నాడు.

నాన్న నవ్వు ఆగిపోయింది. తాతయ్య మెల్లగా అన్నారు: "సృష్టి బలమైందేరా. ఒకదాన్నొకటి పట్టుకుని ఉంది కాబట్టే ఆ బలం. నువ్వు ఒకదానికి పెట్టింది దానితో ఆగదు."

నాన్న తమ్ముణ్ణి ఎత్తుకుని చేతులు కడిగారు. విషం డబ్బా ఆ పూటే కొట్టుకు తిరిగి వెళ్లింది. కోళ్లగూడు రేకు చుట్టిన గుంజల మీదికెక్కింది. ముంగిస వచ్చి, తవువా ఊరెళ్లే బస్సు తప్పిపోయినవాడిలా కింద కాసేపు కూర్చుని పోయింది.

ఇప్పుడు నేనుంటున్న లౌతోకా పట్నంలో మా భజన చివర, అన్ని ప్రాణులూ చల్లగా ఉండాలని నేనే చెప్పిస్తాను. ఆ మాట అంటూ పసుపు తీసుకున్న ప్రతిసారీ, నా వేళ్ల మీద తమ్ముడి చిన్న చెయ్యి కనిపిస్తుంది.