మూడు వచనాల పైనుంచి

మా ఇంటి బైబిలుకు పాత పుస్తకాల వాసన ఉండదు. సీసా అడుగున ఏళ్ళ తరబడి నిలిచిపోయిన వేరుశనగ నూనె వాసన ఉంటుంది. మొన్న అలమర సర్దుతూ, దానికి చుట్టిన ఎమ్మిగనూరు మగ్గం తువ్వాల ముడి విప్పి ఒళ్ళో పెట్టుకున్నానో లేదో, ఎప్పట్లాగే యోబు గ్రంథం నడిమికి తెరుచుకుంది. ఆ పేజీల మీద అక్కడక్కడా నూనె ఇంకి, అవతలి అక్షరాలు కనిపించేంత పలచబడిన వేలిముద్రలున్నాయి. అవి అక్షరం ముక్క రాని మా జేజివి, నాయన తల్లివి. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి పింఛను తీసుకుంటున్న దాన్ని, కోపం తగ్గాల్సిన వయసే, కానీ ఎవరైనా నా ముందర "యోబులాగా ఓర్చుకోవాలమ్మా" అన్నారంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మాటనేవాళ్ళలో నూటికి తొంభైమంది ఆ గ్రంథం నడుమ చదివినవాళ్ళు కారు.

మాది ఆదోనిలో పత్తి మిల్లుల వెనకాల పేట. పత్తి బండ్లు రావడం మొదలైందంటే ఎండలు ముదిరేదాకా మా వీధిలో గాలంతా దూదే. చారులో దూది, తలలో దూది, కోడిపిల్లల ముక్కుల మీద దూది, జేజి జొన్నరొట్టె తడుతూ తడుతూ పిండిలో పడిన పోచను గోటితో తీసి పక్కకు విదిలించేది. పొద్దున్నే మిల్లు గేటు ముందర ఉగ్గాని, మిరపకాయ బజ్జీల బండి చుట్టూ ఆడవాళ్ళు మూగితే, ఆ నూనె పొగ మా గుడిసెల దాకా వచ్చి మేము తాగుతున్న జొన్న సంగటి నీళ్ళను వెక్కిరించేది. పిల్లలం పత్తి బోరాల మీదికెక్కి జారడం, కాపలా ఆయన కర్ర పట్టుకుని వస్తే ఒళ్ళంతా తెల్లగా ఇంటికి పారిపోవడం, తెల్లటి ఒళ్ళే సాక్ష్యం చెప్పి వీపు విమానం మోత మోగడం, ఇవి మా సాయంత్రాలు.

అమ్మ ఆ మిల్లులోనే పత్తిలో ఆకుపొట్టు ఏరే పనికి పోయేది. ఆమె పక్కన కూర్చుని ఏరే దూదేకుల ఖాసింబీ ఆమెకు అక్కకంటే ఎక్కువ. క్రిస్మస్‌కు మా ఇంటి నుంచి ఓళిగలు, నువ్వులు బెల్లం కూరిన కర్జికాయలు వాళ్ళింటికి పళ్ళెంలో పోయేవి. రంజాన్‌కు అదే పళ్ళెంలో సేమ్యాలు వచ్చేవి. ఉత్త పళ్ళెం తిప్పి పంపడం ఆ రెండిళ్ళలో ఎవరికీ తెలియదు. నాయన కోసిగి ఊరివాళ్ళతో కలిసి సుగ్గికి, అంటే ఊరు విడిచి కోతల పనులకు పోయేవాడు. జేజి గడప దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చుని, షావుకారు పంపిన బుడ్డలు, బయటివాళ్ళనే వేరుశనగ కాయలు, పొద్దంతా వలిచేది. బొటనవేలి గోరు అరిగి అరిగి సగమే మిగిలింది. ఆ చేతులు ఎంత బూడిద పెట్టి తోమినా నూనె వదిలేది కాదు.

మా గుడి చిన్నది. చర్చి అనే మాట మాకు అలవాటు లేదు, గుడి అనే అనేవాళ్ళం. పేడతో అలికిన నేల, రేకుల కప్పు, నడుమ చాపంత ఎడం వదిలి ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు. ఏటేటా ఈస్టరుకు ముందరి శ్రమకాలం నలభై రోజుల్లో ఒక ఆదివారం అయ్యగారు, అంటే మా పాస్టరు, యోబు కథ చెప్పేవాడు. యోబు మంచివాడు, మందలున్నవాడు, పదిమంది బిడ్డల తండ్రి. ఒక్క రోజులో అన్నీ పోయినాయి, బిడ్డలూ పోయినారు, ఒళ్ళంతా కురుపులు లేచి బూడిదలో కూర్చున్నాడు, అయినా నోరెత్తి దేవుణ్ణి ఒక్క మాట అనలేదు. దేవుడు మెచ్చి అంతా రెండింతలు ఇచ్చినాడు, మళ్ళీ పదిమంది బిడ్డల్నీ ఇచ్చినాడు. ఇంతే కథ. విని ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకునేవాళ్ళు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు, నేను ఆరో తరగతిలో ఉండగా, నా తమ్ముడు రూబేను పోయినాడు. తొమ్మిది నెలలవాడు. నా జడ పట్టుకుంటే ఇద్దరు విడిపించాలి, అంత పట్టు. ఆ ఎండాకాలం పేట కుళాయిలో ఎర్రనీళ్ళు వచ్చినాయి, వీధిలో నలుగురు పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అమ్మ వాణ్ణి ఎత్తుకుని ఆసుపత్రికి పోయింది, మందు తెచ్చింది, పోసింది, మళ్ళీ పోయింది. మూడో రోజు ఖాసింబీ దర్గా నుంచి తాయెత్తు తెచ్చి, "కట్టుకో చెల్లీ, నా మనసు ఊరుకోల్యా" అని తానే నల్లదారంతో వాడి నడుముకు కట్టింది. అమ్మ వద్దనలేదు. ఆ మధ్యాహ్నమే వాడు పోయినాడు.

బిడ్డను కడిగి తెల్లగుడ్డ చుట్టేటప్పుడు ఆ దారం నలుగురి కంటా పడింది.

వాడు పోయిన మూడో రోజు ఆదరణ కూడిక. చావు జరిగిన ఇంటికి సంఘం వచ్చి, పాట పాడి, వాక్యం చదివి, కుటుంబాన్ని ఓదార్చడం మావాళ్ళ పద్ధతి. ఆ రోజు ముగ్గురు ముందు కూర్చున్నారు: అయ్యగారు, సంఘపెద్ద జెకర్యా మామ, ఎవరో పక్క సంఘం పెద్దమనిషి. ప్రార్థన అయిపోయినాక అయ్యగారు గొంతు తగ్గించి అన్నాడు.

"దేవుడు ఊరకే కొట్టడు సహోదరీ. మనలో దాచిన పాపమేదో ఉంటేనే కొడతాడు."

జెకర్యా మామ అందుకున్నాడు. "తాయెత్తు కట్టినావు గదమ్మా. వచ్చే ఆదివారం బల్ల ఉండాది. గుడిలో లేసి నిలబడి, నా పాపం వల్లే బిడ్డ పోయినాడని ఒక్క మాట సెప్పు. సెప్పేదాకా నీకు బల్ల లేదు."

బల్ల అంటే నెల మొదటి ఆదివారం రొట్టె ముక్క, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల. దానికి దూరమైన మనిషిని పేటలో పెళ్ళికి పిలవరు, బావి దగ్గర పక్కకు జరుగుతారు. నాయన సుగ్గి నుంచి పరుగెత్తుకొచ్చి రెండు రోజులే అయింది, మనిషి సగమైపోయినాడు. వాళ్ళు పోయినాక, "ఒక్క మాటేగదే, సెప్పేస్తే పాయె" అన్నాడు.

"ఒక్క మాటే," అంది అమ్మ. "నా బిడ్డను నేనే సంపుకున్న్యానని."

మరునాడు నేను బడి నుంచి రాగానే జేజి పిలిచి, తువ్వాలలోంచి బైబిలు తియ్యమంది.

"మ్మే, ఆ యోబు కత సదువు. అయ్యగారు ముందర రెండాకులు సదివి, ఇంత మందం ఒక్కపారి తిప్పేసి, కడాకు సదువుతాడు. ఇన్నేండ్లుగా సూస్తాండా. ఆ మందంలో ఏముండాదో నాకు కావాల."

చదువురాని మనిషి కాగితాల మందం కనిపెట్టింది. అంతమంది చదువుకున్నవాళ్ళు గుడిలో ఉండి ఒక్కరూ అది అడగలేదు.

ఆ వారమంతా అదే పని. జేజి బుడ్డలు వలుస్తుంది, నేను గుమ్మానికి ఆనుకుని చదువుతాను. పెద్ద పెద్ద మాటలు, సగం నాకు నోరు తిరగదు. మూడో అధ్యాయం మొదట్లోనే నాకు చెమటలు పట్టినాయి. నోరెత్తలేదన్న యోబు తాను పుట్టిన రోజునే శపిస్తున్నాడు. అక్కడి నుంచి ముప్పై ఒకటో అధ్యాయం దాకా సందు దొరికితే ఆయన అరుపులే. నేనేం తప్పు చేశానో చూపించు అంటాడు. దేవుడితోనే న్యాయం తేల్చుకుంటానంటాడు. ఓదార్చడానికి వచ్చి మొదట ఏడు రోజులు నోరు మెదపకుండా ఆయనతో నేలమీద కూర్చున్న ముగ్గురు స్నేహితులేమో, ఇప్పుడు వంతులేసుకుని, నువ్వు పాపం చేసుంటావు, నీ బిడ్డలు పాపం చేసుంటారు, ఒప్పుకో అంటారు. చదువుతూ తలెత్తి జేజిని చూశాను. చేతులు ఆగిపోయినాయి, నోట్లో విత్తనం నమలడం ఆగిపోయింది.

"ముగ్గురేనా వచ్చింది?"

"ముగ్గురే జేజీ."

"మన ఇంటికీ ముగ్గురే వచ్చిరి," అని ఫక్కున నవ్వింది. చావు జరిగిన ఇంట్లో వారం తిరక్కుండానే ఆ నవ్వు. నాకైతే భయమేసింది. "వాళ్ళు ఏడు దినాలు గమ్మున కూసున్నప్పుడే బాగుండారు సూడు. నోరు తెరిసినాక సెడిపోయినారు. యాడ, ఆయన గట్టిగా అరిసిన తావు యాడుండాది, సూపించు." చూపిస్తే, ఆ అక్షరాల మీద నూనె వేలు పెట్టి, బిడ్డ చెంప తడిమినట్టు తడిమింది. ఆ తర్వాత ప్రతి అరుపు దగ్గరా ఒక వేలిముద్ర పడింది.

అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని వింటూ ఉండేది. చివరి అధ్యాయంలో మళ్ళీ పదిమంది బిడ్డలు పుట్టినారని చదివినప్పుడు, "ముందు పదిమంది?" అంది. పుస్తకంలో దానికి జవాబు లేదు. వెతికి వెతికి లేదని చెప్పాను. "నా మాదిరి ఒక్కరూ అడగల్యా ఆ బిడ్డల గురించి," అని పొయ్యిలో కట్టె ముందుకు తోసింది.

ఆదివారం వచ్చింది. గుడిలో సగానికి పైగా చదువురానివాళ్ళే కాబట్టి, బడికి పోయే పిల్లలు వంతుల ప్రకారం వాక్యం చదవడం మా ఆనవాయితీ. ఆ వారం వంతు నాది. అయ్యగారు నన్ను పెద్ద బైబిలు దగ్గరికి పిలిచి, యోబు కడపటి అధ్యాయం తీసి, పదో వచనం మీద వేలు పెట్టి, "ఇక్కడి నుంచి చదువమ్మా, మీ అమ్మకు ఆదరణగా ఉంటుంది" అన్నాడు. దేవుడు యోబుకు రెండింతలు ఇచ్చిన చోటు అది. నేను పేజీలు వెనక్కి తిప్పి చూశాను. మొదటి రెండు అధ్యాయాల అంచులు ఏళ్ళ తరబడి చేతుల మురికితో నల్లబడినాయి. చివరి పేజీ కూడా అంతే. నడుమ అంతా కొత్త బియ్యంలా తెల్లగా ఉంది. అక్కడ ఎవరి చెయ్యీ పడలేదు.

ఆ తెల్లకాగితాలు చూసినాక, చివరి పేజీకి తిరిగొచ్చి వేలు పైకి జరిపాను. పదో వచనం కాదు, మూడు వచనాల పైనుంచి, ఏడు నుంచి మొదలుపెట్టాను. అక్కడ దేవుడు ఆ స్నేహితుల మీద కోపగించుకుంటాడు. నా గురించి యోబు పలికినట్టు మీరు సరిగ్గా పలకలేదంటాడు. అరిచిన యోబుది ఒప్పు, దేవుణ్ణి వెనకేసుకొచ్చినవాళ్ళది తప్పు. పోయి యోబు చేత మీ కోసం ప్రార్థన చేయించుకోండి, లేకపోతే మీ పని చెబుతానంటాడు. ఎంత గట్టిగా చదివానంటే, రేకుల మీద పావురాలు లేచిపోయినాయి. అయ్యగారు "అక్కడ కాదమ్మా" అంటూనే ఉన్నాడు. మగవాళ్ళ వైపు నుంచి ఎవరో, "బైబిలే గదప్పా సదువుతాండేది, సదవనీ" అన్నారు.

నేను దిగకముందే అమ్మ లేచి నిలబడింది. జెకర్యా మామ ముఖం తేటపడింది, ఒప్పుకుంటుందనే అనుకున్నాడు.

"తాయెత్తు కట్టింది నిజమే," అంది అమ్మ. "నన్ను ప్రేమించే మనిషి తెచ్చి కట్టింది, నేను కట్టించుకున్న్యా. నా బిడ్డ మాత్రం సెడ్డ నీళ్ళు తాగి, బేదులు పట్టి పోయినాడు. దారం పోగుకు దేవుడు పసిబిడ్డను సంపుతాడని మీరు సెప్పమంటాండారు. మీరు బల్ల ఇయ్యండి, ఇయ్యకపోండి, దేవుని మీద ఆ మాట నేను సెప్పను." అని కూర్చుంది.

బల్ల ఇవ్వలేదు. ఆ రోజూ ఇవ్వలేదు, తర్వాత ఆరేళ్ళూ ఇవ్వలేదు. వేరే ఎవరైనా అయితే గుడి మానేసేవాళ్ళు. ఖాసింబీ వచ్చి, "నా వల్లే గదా చెల్లీ, నేనొచ్చి సెప్తా వాళ్ళకు" అని ఏడ్చింది. అమ్మ ఆమెనూ రానివ్వలేదు, గుడీ మానలేదు. మొదటి ఆదివారమొస్తే ఉతికిన చీర కట్టుకుని ముందు వరసలోనే కూర్చునేది. జెకర్యా మామ రొట్టె పళ్ళెం పట్టుకుని వరస వెంట వస్తే, అందరితో పాటు తానూ చెయ్యి చాపేది. ఆయన చూడనట్టు దాటిపోయేవాడు. ఆమె చెయ్యి అట్లాగే, పళ్ళెం చివరి మనిషి దాకా పోయేదాకా, గాలిలోనే ఉండేది. పక్కన కూర్చున్న నాకు సిగ్గుతో తల తిరిగిపోయేది. ఆ సిగ్గు నాది కాదని తెలుసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

ఏడో ఏట జెకర్యా మామ మనవరాలు పోయింది, నాలుగేళ్ళ పిల్ల, జ్వరంతో. ఆదరణ కూడికకు అమ్మ నన్ను వెంటబెట్టుకుని పోయింది. అందరూ ఏవేవో చెబుతూనే ఉన్నారు. అమ్మ మాత్రం ఆయనకు ఎదురుగా గోడకానుకుని కూర్చుని, పొద్దు వాలేదాకా పెదవి విప్పలేదు. మరునాడు పోయింది. ఆ మరునాడూ పోయింది. ఏడు రోజులు, మిల్లు పని మానుకుని, పోయి గమ్మున కూర్చుని వచ్చింది.

ఆ తర్వాతి మొదటి ఆదివారం పళ్ళెం మా వరసకు వచ్చింది. అమ్మ ఎప్పట్లాగే చెయ్యి చాపింది. జెకర్యా మామ ఆగిపోయినాడు. అయ్యగారి వైపు చూడలేదు, ఎవరినీ అడగలేదు. రొట్టె తీసి ఆమె అరచేతిలో పెట్టినాడు. అమ్మ దాన్ని నోట్లో వేసుకోకముందే ఆయనకు మాత్రమే వినపడేటట్టు అంది.

"నీ పాపం వల్ల కాదన్నా, పాప పోయింది. ఎవరేమన్నా నమ్మొద్దు."

ఆయన అక్కడే, వరస నడుమ, పళ్ళెంతో సహా కూలబడి ఏడ్చినాడు. మిగతావాళ్ళకు రొట్టె నేను పంచాను.

ఇప్పుడు ఆ మిల్లుల్లో చాలావాటికి తాళాలు పడినాయి, మా వీధిలో దూది ఎగరదు. పేడ అలికిన నేల మీద పాలరాయి పరిచినారు, పెద్ద బైబిలు స్థానంలో గోడమీద తెర వచ్చింది, వాక్యం చదవడానికి పిల్లల వంతులు లేవు. బుడ్డలు వలిచే యంత్రం వచ్చిన ఏడాదే జేజి పోయింది. ఖాసింబీ ఇల్లు ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. నిండు పళ్ళెం పోయి నిండు పళ్ళెం తిరిగొచ్చే దారి మూసుకుపోయింది. నాకు బాధగానే ఉంటుంది, కానీ అన్నిటికీ కాదు. బల్లకు దూరం పెట్టే పెద్దరికం కూడా వాటితో పాటే పోయి ఉంటే సంతోషించేదాన్ని. అది పోలేదు, మైకు పట్టుకుంది.

పోయిన నెల అమ్మ పోయింది. ఆదరణ కూడికలో కుర్ర అయ్యగారు, మంచివాడే, ఫోన్లో వెతికి యోబు కడపటి అధ్యాయం తీసి, "పదో వచనం నుంచి చదవండి టీచరమ్మా, కుటుంబానికి ఆదరణగా ఉంటుంది" అన్నాడు. ఫోను వద్దని, తువ్వాల విప్పి మా బైబిలు తీశాను. గదంతా వేరుశనగ నూనె వాసన. ముందు వరసలో, రెండు వారాల కింద కడుపు పోగొట్టుకున్న పక్కింటి పిల్ల తల వంచుకుని కూర్చుంది. ఆ పిల్ల నడుముకు కట్టుకున్న మొక్కుబడి దారం గురించి ఆడవాళ్ళు గుసగుసలాడుకోవడం నేను పొద్దున్నే విన్నాను.

"తలెత్తుకో తల్లీ" అని, మూడు వచనాల పైనుంచి మొదలుపెట్టాను.