సముద్రాన్ని కాచి తీసిన చెంబుడు నీళ్ళు

మా చిన్నప్పుడు... మా దీవిలో, మిన్నీ బేలో, గుమ్మం దిగితే సముద్రం, గుమ్మం ఎక్కితే ఖాళీ బిందెలు.

మీరంతా సెలవులకొచ్చి ఫొటోలు తీసి పెడుతుంటారే, ఆ నీలం సముద్రమే. ఎండలు మొదలయ్యాయంటే దాని ఒడ్డునే ఉండి గుక్కెడు మంచినీళ్ళకి అల్లాడేవాళ్ళం. రోజు విడిచి రోజు వీధి చివర కుళాయి వచ్చేది... అదీ సరిగ్గా బడి గంట కొట్టే వేళకి.

ఆ లైనులో మా ఇంటి తరఫున నిలబడేది మా అప్ప. మేం అక్కని అప్ప అనే పిలుస్తాం, పెద్దవాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి తెచ్చుకున్న పిలుపు. పేరు నూకరత్నం. నాన్న తెల్లారకముందే వేటకి పోయేవాడు, అమ్మ చేపల గంపతో బజారుకి పోయేది. నేను చిన్నదాన్ని, లైనులో తోసేస్తారు. అప్ప గట్టిది. వెనకనుంచి "దీదీ, థోడా హటో" అని ఎవరు నెట్టినా కదిలేది కాదు. అలా తన ఎనిమిదో తరగతి సగం ఆ లైనులోనే గడిచిపోయింది.

నిజానికి మా ఇంట్లో తెలివైనది తనే... నేను కాదు. ఉప్పునీటిని మరిగిస్తే వచ్చే ఆవిరి చల్లారి మంచినీరవుతుందని మా ఆరో తరగతిలో మాస్టారు రంగు సుద్దలతో బొమ్మ వేసి మరీ చెప్పారు. నాకు ముక్క అర్థం కాలేదు. ఆ సాయంత్రం అప్ప ఉడుకుతున్న చేపల పులుసు మీది మూత ఎత్తి, లోపలివైపు పట్టిన చుక్కలు చూపించింది.

"పులుసులో ఉప్పుంది కదా... దీన్లో ఉందేటి? నాకి సూడు."

లేదు. మాస్టారు గంటసేపు చెప్పింది అప్ప ఒక్క మూతతో చెప్పేసింది.

అప్పకి పెద్ద పరీక్షలొచ్చాయి. హాజరు తక్కువైనా అన్ని పరీక్షలూ రాస్తే పై తరగతికి పంపుతామని మాస్టారు మాటిచ్చారు. ఒక్కటి తప్పినా బడి మాన్పించేస్తానని నాన్న తేల్చేశాడు. తీరా చూస్తే సైన్సు పరీక్ష, కుళాయి వచ్చే రోజు ఒకటే అయ్యాయి. అప్ప ఎవరినీ ఏమీ అడగలేదు. చేపలు తోముతూ కూడా పుస్తకం ఎదురుగా పెట్టుకుని చదువుకునేది.

నాకు ఒకటే ఆలోచన... గుమ్మంలో ఇంత సముద్రం పెట్టుకుని లైను ఎందుకు? రెండు బిందెలు నేనే తయారు చేస్తే అప్ప పరీక్షకి పోవచ్చు కదా.

ముందురోజు కడుపునొప్పని చెప్పి బడి ఎగ్గొట్టాను. అప్ప లెక్కల పరీక్షకీ, అమ్మ బజారుకీ వెళ్ళాక వత్తుల స్టవ్ వెలిగించాను. డేక్సాలో సముద్రపు నీళ్ళు, మధ్యలో రాయి మీద గ్లాసు, పైన తిరగేసిన మూత, మూత మీద తడిగుడ్డ. చుక్క... చుక్క... గ్లాసు నిండినప్పుడల్లా చెంబులో పోశాను. స్టవ్ ఆరిపోతే డబ్బాలోంచి కిరసనాయిలు పోశాను. మళ్ళీ పోశాను.

ఓడ రాక రేషను దుకాణంలో కిరసనాయిలు లేదు. డబ్బాలో ఉన్నదే ఓడ వచ్చేదాకా సరిపెట్టాలి. ఆ సంగతి నాకు తెలియదని చెప్పుకుంటే బాగుండేది... తెలుసు. ఇంకొక్క గ్లాసు, ఇంకొక్క గ్లాసు అనుకుంటూనే డబ్బా బోర్లించేశాను.

మధ్యాహ్నానికి డబ్బా ఖాళీ. నీళ్ళు చెంబుకి కాస్త తక్కువ.

అమ్మ వచ్చి చూసింది. కొట్టలేదు. గంప దింపి గడప మీద కూలబడింది.

"ఏటి సేసినావే గుంటా... రేపు గంప మానేసి నానే లైన్లో నిలబడదామనుకున్నానే. దాన్ని పరీచ్చకి పంపుదామనుకున్నాను. ఇప్పుడు పొయ్యిలోకి పుల్లలెవులు తెత్తారు?"

చుట్టుపక్కల ఎవరిని అడిగినా వాళ్ళ డబ్బాలూ అడుగంటే ఉన్నాయి. పుల్లలకి కొండెక్కక తప్పదు. కొండకి అమ్మ, కుళాయికి అప్ప... ఇంకెవరున్నారు?

అప్ప బడి నుంచి వచ్చి అంతా విన్నది. నేను ఏడుస్తూ చెంబు అందిస్తే కొంచెం తాగి, మిగతాది నా చేతే తాగించింది.

"ఉప్పు లేదే... బాగానే తీసినావు" అంది. మూత అంచు తడిమి చూసింది. "ఇక్కడ సుట్టూ పిండి ముద్ద అద్దాలే. సగం ఆవిరి బయటికి పోనాది. అద్దుంటే ఇంకో సెంబుడొచ్చును."

మర్నాటి సైన్సు పరీక్ష తను అప్పుడే రాసేసినట్టే... మా వంటింట్లో, నా ఎదుట.

పరీక్ష రోజు పొద్దున నేను లైను పక్కనుంచే బడికి నడిచాను. అప్ప నన్ను చూసి బిందె ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంది, అంతే. తను మళ్ళీ బడి గుమ్మం తొక్కలేదు.

నేను మా దీవిలోనే సైన్సు టీచర్నయ్యాను. షాదీపూర్‌లో ఏటా ఈ పాఠం చెబుతాను, గాజు గొట్టాలు పెట్టి చూపిస్తాను. పిల్లలు చప్పట్లు కొడతారు. నాకు మాత్రం కిరసనాయిలు వాసన గుర్తొచ్చి నోరు చేదవుతుంది.

అప్ప రేవు అవతలి ఊరు బాంబూఫ్లాట్‌లో ఉంటుంది. ఇప్పుడు ఇంట్లోనే కుళాయి ఉన్నా రెండు డ్రమ్ములు నింపితేగానీ కుదురుగా కూర్చోదు. ఎవరొచ్చినా నన్ను చూపించి "మా సెల్లి, సైన్సు టీచరు" అని మురిసిపోతుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు తలెత్తబుద్ధి కాదు. నాకు ఆ పాఠం చెప్పింది తనేనని ఒక్కసారి కూడా అనదు... ఇన్నేళ్ళలో నేనూ ఎవరితోనూ అనలేదు. ఇదిగో, ఈ రోజు ఇక్కడ రాస్తున్నాను.

కాలం మారిందంటారు. బ్యాగులో నీళ్ళ సీసా లేని పిల్ల మా బడిలో లేదు. మారనీ. మా అప్ప పరీక్ష మాత్రం రాయకుండానే మిగిలిపోయింది.

మీ ఇంట్లో ఎవరు లైనులో నిలబడితే మీరు బడికి వెళ్ళారు? వాళ్ళ పేరు కింద రాయండి... మీ పేరు అక్కర్లేదు.