చట్టం మీద అతికించిన చీటీ

మొన్న ఆదివారం పొద్దున్న రాయగడలో మా ఇంటి వరండాలో కూర్చుని కాఫీ చల్లార్చుకుంటూ ఉండగా, నేను ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి వచ్చిన వకీళ్ల లైబ్రరీలో ఇప్పుడున్న అమ్మాయి నా ఫోనుకు ఒక ఆహ్వానం పంపింది. న్యాయ గ్రంథాలయాల వాళ్లకు గంటన్నర శిక్షణట, ఎవరింట్లో వాళ్లు కూర్చునే చూడవచ్చట. పూర్తిగా విన్నాను. చెప్పినాయన బాగానే చెప్పాడు గానీ, తెర మీద బోలెడు పేర్లున్నా ఒక్క ముఖమూ కనబడలేదు, సందేహాలున్నాయా అని ఆయన రెండుసార్లు అడిగినా ఎవరూ నోరు విప్పలేదు, సర్టిఫికెట్ మాత్రం టింగుమంటూ వచ్చి పడింది. మీకు నవ్వొస్తుందేమో గానీ నాకు ఒళ్లు మండింది, ఆ మంటలోనే కొరాపుట్‌లో నేను వెళ్లిన మొదటి సభ గుర్తొచ్చింది.

మాది విజయనగరం వైపు నుంచి ఒడిశా వచ్చి రాయగడ బజారులో కిరాణా కొట్టు పెట్టుకున్న కుటుంబం. కొట్లో కూర్చోవడం ఇష్టంలేక లైబ్రరీ కోర్సు చదివి ఆ ఉద్యోగంలో చేరాను. చట్టంలో ఏ సెక్షనైనా మారితే మారిన మాటలు చీటీలుగా అచ్చై వచ్చేవి, వాటిని కత్తిరించి పుస్తకంలో ఆ సెక్షను దగ్గర అతికించాలి. మా కాలంలో ఈ ఉద్యోగం సగం కత్తెర, సగం జిగురు. జిగురంటే మా కొట్లో పొట్లాలకోసం మా అమ్మ ఉడికించే మైదా జిగురే, బొద్దింకలు ముట్టకుండా చిటికెడు మైలతుత్తం వేసేది. ఆ చీటీని ఒక్క అంచుకే అతికించాలనీ, ఎత్తి చూస్తే కింద పాత మాటలు కనబడాలనీ నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు. శుభ్రమంటే నాకు పిచ్చి. నాలుగు మూలలా జిగురు రాసి, పైన బరువు పెట్టి, కింద ఒక కాగితం ఉందన్న సంగతే తెలియకుండా అతికించేదాన్ని. అద్దంలా ఉందని మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు.

అలా మూడేళ్లు గడిచాక ఒక గురువారం, మా వకీళ్లందరిలోకీ పెద్దాయన భూముల చట్టం పుస్తకం అడిగారు. రామనగుడ దగ్గర ఒక ఆదివాసీ ముసలామె పొలాన్ని ఆమె తండ్రి కాలంలోనే ఎవరో రాయించుకున్నారు. ఆ రాత చెల్లుతుందా లేదా అన్నది, రాయించుకున్న రోజున సెక్షనులో ఏముందో దాన్నిబట్టి తేలాలి. పుస్తకం తెరిచి నేను అతికించిన చీటీని గర్వంగా చూపించాను.

"కొత్తది నాకూ తెలుసమ్మి. దీని కింద ఏటుందో అది కావాల" అన్నారాయన, గోటితో అంచు ఎత్తబోయారు, రాలేదు. అప్పుడు తలెత్తి నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ ముద్రణ బజారులో దొరకడం మానేసి చాలాకాలమైంది, తర్వాత కొన్న పుస్తకాల్లో కొత్త మాటలే ఉన్నాయి, వాకబు చేసిన చోటల్లా లేదనే అన్నారు. విచారణ సోమవారం. ఆ పాత మాటలు చూపించలేకపోతే ముసలామె పొలం పోయినట్టే. తడిగుడ్డతో ఒక మూల ఒత్తి చూశాను, చీటీతోపాటు కింది అక్షరాలు కూడా లేచి వస్తుంటే చెయ్యి తీసేశాను.

ఆ ఆదివారమే కొరాపుట్‌లో రెండు జిల్లాల న్యాయ గ్రంథాలయాల వాళ్ల సభ. పిలుపు వచ్చి నెలయింది, కాగితాలు అతికించడానికి ఒకరి దగ్గర నేర్చుకునేదేమిటని సొరుగులో పడేశాను, అంత పొగరు నాది. ఇప్పుడు మాత్రం పుస్తకంతో సహా వెళ్లి తీరాలనుకున్నాను. పుస్తకం గుమ్మం దాటకూడదన్నది మా నియమం, వకీళ్ల సంఘం కార్యదర్శి ససేమిరా అన్నారు. కోర్టు ముగిసేదాకా పెద్ద వకీలు గారి గది బయటే నిలబడ్డాను. ఆయన నా మాట విని, రిజిస్టరులో పుస్తకాన్ని తన పేరున రాసుకుని సంతకం పెట్టారు.

"అతికించినదానివి నువ్వే, ఊడదీసుకుని నువ్వే రా. సిరిగితే నా పేరు సెప్పు" అన్నారు.

ఇంట్లో మా నాన్న తాను తోడొస్తానని పట్టుబట్టాడు. "ఏటమ్మి, ఆ పుస్తకం మోసుకుని ఒక్కర్తివీ ఎల్తావా?" అంటే, తప్పు ఒక్కదాన్నే చేశాను కదా నాన్నా అన్నాను. రైలు సొరంగంలోకి దూరినప్పుడల్లా పెట్టెంతా చీకటయ్యేది, ఒళ్లోని పుస్తకాన్ని రెండు చేతులా అదుముకుని కూర్చునేదాన్ని.

సభలో ఒక్కొక్కరూ లేచి పేరూ, ఊరూ, తమ దగ్గర ఎన్ని పుస్తకాలున్నాయో చెబుతున్నారు. నా వంతు వచ్చినప్పుడు పుస్తకాన్ని బల్లమీద తెరిచిపెట్టి, నేను చేసింది చేసినట్టు చెప్పేశాను. అప్పుడు వెనక వరసలోంచి, వకీళ్ల పుస్తకాల మధ్యే జుట్టు నెరిసిన కొరాపుట్ పెద్దాయన ఒకరు లేచారు.

"నేనైతే కొత్తది కొన్నానని పాత పుస్తకాన్నే తూకానికి అమ్మేసేను. నీది ఇంకా సేతిలో ఉంది కదమ్మి" అని, దగ్గరకొచ్చి పేజీని వేలితో తడిమి, "ఏటి జిగురిది?" అని అడిగారు. మా కొట్టు మైదా అన్నాను. ఆయన ముఖం విచ్చుకుంది. "సీసా జిగురైతే దండం ఎట్టి ఎల్లిపోమందును. మైదాకి ఆవిరి సాలు."

వెనక వరండాలో టీ కాస్తున్న కెటిల్ దగ్గరికి పుస్తకాన్ని తీసుకెళ్లాం. ఆయన వెదురుపుల్లని కత్తితో పలచగా చెక్కారు. ఆవిరి తగలగానే అంచు ఎత్తడం, ఆగడం, అద్దుడు కాగితంతో తడి తీయడం, మళ్లీ ఆవిరి పట్టడం. తొందరపడితే చెయ్యి మీద కొట్టేవారు. హాల్లో ముఖ్య అతిథి ఆధునిక గ్రంథాలయం గురించి ప్రసంగిస్తుండగా ఒక్కొక్కరే లేచి మా దగ్గరికి వచ్చేశారు, చివరికి ఆ అతిథి కూడా టీ గ్లాసు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. మధ్యాహ్నం భోజనాలు చల్లారిపోయాక చీటీ మొత్తం ఊడివచ్చింది. మూల మీద నేను పాడుచేసిన చోట రెండక్షరాలు పోయాయి గానీ, మిగిలినదంతా చదవడానికి వీలుగా ఉంది. అందరి ముందూ బావురుమని ఏడ్చాను.

సోమవారం పెద్ద వకీలు గారు ఆ పేజీనే కోర్టులో చదివారు. దావా ఏళ్లతరబడి సాగినా పొలం ముసలామెకే దక్కింది. తీర్పయిన రోజు ఆమె లైబ్రరీకి వచ్చి, ఆ చీటీ చూపించమంది. చూపించాను. వేలెడంత ఉంటుంది. "ఇంత సిన్న కాయితమా!" అని తెలుగూ ఒడియా కలిపి ఏదో గొణుక్కుని, నా గడ్డం పట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ మరుసటి ఏడు నుంచి సభలో ఒక నియమం పెట్టుకున్నాం. అతిథి మాట్లాడేముందు ప్రతివాళ్లూ ఆ ఏడు చేసిన ఒక తప్పు చెప్పాలి. కొరాపుట్ పెద్దాయన తర్వాత సభ జరిపించే బాధ్యత నేను తీసుకున్నాను. రాయగడలో ఒకసారి హాలు ఇస్తామని ఇవ్వకపోతే, మా కొట్టు గోదాములో బియ్యం బస్తాల మీద కూర్చోబెట్టి జరిపించాను గానీ ఒక్క ఏడూ మానలేదు. నేను ఉద్యోగం నుంచి దిగిపోయాక రెండేళ్లకే అది ఆగిపోయింది.

ఇప్పుడు చట్టం తెరమీదే మారిపోతోంది, కత్తెరా లేదు, జిగురూ లేదు. ఆ సుఖాన్ని నేనేమీ ఆడిపోసుకోను. మోకాళ్లు సహకరిస్తే మళ్లీ ఒకసారి అందర్నీ పిలిచి కూర్చోబెట్టాలనే పట్టుదల మాత్రం చావలేదు. ఎందుకంటే లైబ్రరీలో ఉన్న ఆ అమ్మాయి కూడా ఏదో ఒక తప్పు చేసే ఉంటుంది, అందరమూ చేశాం. అది చెప్పుకోవడానికి, టికెట్టు కొనుక్కుని వెళ్లే ఊరే ఆమెకు లేకుండా పోయింది.