నేల కోసం వేసిన జనుము

మా మేనత్త పోయిందన్న ఫోన్ నాకు ఆలేరులో ప్రార్థన కూటం మధ్యలో వచ్చింది. చెబుతున్న వాక్యం ఆపి, బైబిలు మూసి బస్సెక్కాను. దారి పొడుగునా ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. ఆ కోపంతోనే రాస్తున్నాను. చదివేవాళ్లలో మా ఊరి పెద్దలూ ఉండాలనే రాస్తున్నాను.

ఆమె కౌలుకు చేసింది ఎర్రచెలక. ఆసామి ఏటా పత్తి పెట్టి పెట్టి పీల్చేసిన భూమి. వాన పడితే పైన గట్టిపడి నీళ్లను దిగనిచ్చేది కాదు. మేనత్త తొలకరికి దాని నిండా జనుము చల్లేది. పచ్చపూలు విచ్చగానే నాగలి కట్టించి మట్టిలో కలియదున్నించేది. ఆ తర్వాతే జొన్నలో ఉలవలో.

"భూమికి గూడ విశ్రాంతి ఉన్నదని నువ్వే చదివితివి గద అల్లుడా. మనం ఆదివారం గుడిల కూసుంటం, నేలకు మాత్రం ఒక్క ఆదివారం ఇయ్యం," అనేది.

మా దగ్గర పంట లేని చేను ఎవరి మేకలకైనా మేతే. జనుమును ఎవరూ పంటగా లెక్కగట్టరు. అందుకని ఆమె కట్టె పట్టుకుని గట్టు మీద కూర్చునేది.

"ఏందత్తా, గడ్డికి కావలుంటున్నవా?" అని నవ్వేవాడు మేకలకాపరి.

"నీ మేకను నువ్వు మేపినట్టె నా నేలను నేను మేపుతున్న. నీ మేక నోట్లకెల్లి నేను గుంజుకుంటున్ననా?"

కొన్నేళ్లకు ఆ నేల కాలు పెడితే మెత్తగా దిగేది. అప్పుడు ఆసామి కన్ను పడింది.

చేలో పంట ఉండగా కౌలుదారును లేపకూడదన్నది మా ఊరి కట్టుబాటు. ఈ వానకాలం జనుము పూత మీదుండగా ఆసామి భూమి వదలమన్నాడు.

"పంట మీదున్న చేను ఎట్ల ఇడుస్తరయ్యా?" అంది మేనత్త.

"పంటేడుందే? గడ్డే గద."

పెద్దలు కూర్చున్నారు. మా చర్చి సంఘపెద్దలూ కూర్చున్నారు. అందరూ గడ్డే అన్నారు. బైబిల్లో ద్రాక్షతోట కోసం పక్కవాడి ప్రాణం తీయించిన రాజు కథ వాళ్లకు కంఠతా వచ్చు. ఆ రాజుకూ అబద్ధపు సాక్ష్యం చెప్పే మనుషులు దొరికారు. నేను గొంతు చించుకున్నాను. మేనత్తే నన్ను ఆపింది.

"అయ్యా, భూమి నీదే, తీస్కో. గని జనుమును కోయకు, దున్ను. నేల కోసం ఏసిన."

అతను తలూపాడు. తెల్లారి బర్రెలకు కోయించాడు. ఆమె బాట మీద నిలబడి చూసి, "నేల నోటికాడిది గుంజిండ్రు," అంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

దానివల్లే పోయిందని నేననను. జ్వరం ఉంది, దవాఖాన ఉంది, వయసు ఉంది. కానీ సమాధి దగ్గర ఆ పెద్దలే లేచి ఆమె సహనాన్ని పొగిడారు. ఆమె నోరు నొక్కిన మీరు దానికి సహనమని పేరు పెట్టకండి. దేవుని ముందు ఆ మాట చెల్లదు.

ఆసామి పూలదండతో వచ్చాడు. సమాధికి తవ్విన మట్టి అంతా రాళ్లే. మేనత్త బిడ్డ ఎవర్నీ అడగకుండా ఆ చెలకకు పోయి గంపనిండా మన్ను తెచ్చి ముందు పెట్టింది. ఒక్కొక్కరం పిడికెడు తీసి పెట్టె మీద వేశాం. ఆసామి వంతు వచ్చింది. గంపలో చేయి పెట్టి తీశాడు. ఆ పొడిపొడి మట్టిలోంచి ఒక వానపాము బయటపడి అతని వేళ్ల మీద పాకింది. వేయలేక, విదిలించలేక, చేయి చాపుకుని అలాగే నిలబడ్డాడు.