చట్నీ గిన్నెలో ఆఫీసరు వేలు

నేను చెబుతుంటే మనవరాలు టైపు చేస్తోంది. ఈ పొద్దున్న లైసెన్సుల ఆఫీసరు మా ఇడ్లీ బండి తనిఖీకి వచ్చాడు. ఇది హిందీవాళ్ల ఊరైనా, అతను మన తెలుగు కుర్రాడే. నా తలకి టోపీ లేదని, శుభ్రత తెలియదని తినేవాళ్ల ముందే తిట్టాడు. తిడుతూనే చట్నీ గిన్నెలో వేలు ముంచి నాకాడు. మళ్లీ అదే వేలు ముంచాడు!

నాకు ఒళ్లు మండింది. గిన్నెడు చట్నీ కాలవలో పారబోశాను.

"అరే అమ్మమ్మా, క్యా కియా, ఏం చేశావు! మంచి చట్నీ కదా!" అని అరిచాడు.

"ఎంగిలి చేసీసి మంచిదంటావేటి బాబూ? ఎంగిలంటే ఏటో మీయమ్మ చెప్పనేదేటి?" అన్నాను.

లైసెన్సు ఆపేస్తానని వెళ్లిపోయాడు. ఆ బండి మీదే మా ఇల్లు నడుస్తోంది. రేపే దుర్గ్‌లో జిల్లా ఆఫీసుకి వెళ్లి వాడి పైఅధికారిని అడుగుతాను. టోపీ నేను పెట్టుకుంటాను, ఆ వేలిని ఎవరు తనిఖీ చేస్తారు? మీరైతే ఆ చట్నీ తినేవారా, చెప్పండి.