మాఫీ ఇల్లు

నాకు నోరెక్కువ. టెన్త్ పాసైన ఏడాది అది మరీ ఎక్కువైంది. మా కొండమీది పల్లెలో అంతవరకు చదివిన ఆడపిల్లని నేనొక్కదాన్నే. ఆఫీసులో ఏం మాట్లాడాలన్నా మా అయ్య నన్నే ముందుకి తోసేవాడు. ఆ నోటివల్లే మా ఇల్లు పోయిందని ఇవాళ్టికీ నా నమ్మకం.

అరకు రోడ్డు మీద మా సంత ఊరికి ఒక జబ్బుండేది. సంత రోజు కాలు పెట్టే చోటుండదు. మర్నాడు కుక్కలు తప్ప ఎవరూ కనిపించరు. కొట్లవాళ్లంతా కింది ఊళ్లవాళ్లు. షట్టర్లు దించేసి రైలెక్కిపోయేవారు. ఊరి నడుమ జాగాలన్నీ తుప్పలు పట్టి ఉండేవి. అందుకని పంచాయతీవాళ్లు చాటింపు వేయించారు. సంత వీధిలో ఇల్లు కట్టి, పొయ్యి వెలిగించి, కాపురం ఉండేవాళ్లకి జాగా ఇస్తారట. అయిదేళ్లపాటు ఇంటి పన్ను మాఫీ అట.

మా అయ్య అనంతగిరి వైపు కాఫీ తోటల్లో పని చేసి వారానికోసారి వచ్చేవాడు. చాటింపు విన్న రోజు అతనికి నిద్ర పట్టలేదు. పల్లెలో ఇల్లు చిన్నాన్నకి ఇచ్చేసి సంత వీధికి దిగిపోయాం. మా పల్లెలో ఇంటికి కాగితాలుండవు. పెద్దలు జాగాలో నిలబడి కట్టుకోమంటే, ఆ మాట మనవల దాకా నిలుస్తుంది. చాటింపు కూడా అలాంటి మాటే అనుకున్నాడు అయ్య. నేనూ అదే అనుకున్నాను, చదువుకున్నదాన్ని అయ్యుండి!

మట్టిగోడలు మేమే పెట్టుకున్నాం. పైన రేకులు. వాన పడితే ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. అయినా అమ్మ రోజూ గుమ్మం అలికి, వీధిలో మొదటి పొయ్యి మనదేనని మురిసిపోయేది.

రెండో ఏడు బిల్లు కలెక్టరు పుస్తకం పట్టుకుని వచ్చాడు.

“ఏటి గుంటా, మీ అయ్య ఇంట్లో నేడా? పన్ను కట్టీండి, రసీదు రాసిచ్చేత్తాను.”

“మాకు మాఫీ. చాటింపు మీ సెవిన పడనేదా?”

“ఉంటే ఉందిలే. ఏదో కొంత కట్టి కాగితం పట్టుకో. రేపు పనికొత్తాది.”

“సదువు రానోళ్లమనుకుని మోసం సేత్తన్నారా? నాను టెన్త్ పాసయ్యాను!”

వీధంతా విన్నది. ఆయన పుస్తకం మూసుకుని వెళ్లిపోయాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నాకా మాట అప్పుడు గుర్తు రాలేదు. వారాంతానికి అయ్య వచ్చాక ఈ సంగతి చెబితే పగలబడి నవ్వాడు. టీ కొట్టు దగ్గర కూడా చెప్పుకున్నాడు.

నాలుగో ఏడు టూరిస్టుల కోసం రోడ్డు వెడల్పు చేస్తామన్నారు. మా గోడ మీద ఎర్ర రంగుతో గీత గీశారు. ఇల్లో కొట్టో పోయినవాళ్లకి వేరే చోట స్థలం ఇస్తారట, కానీ ఇంటి పన్ను రశీదు తెచ్చి చూపించాలట. ఆ వీధిలో ఒక్క రాత్రీ పడుకోని కొట్లవాళ్ల దగ్గర రశీదులున్నాయి. నాలుగేళ్లు పొయ్యి ఆర్పకుండా బతికిన మా దగ్గర ఏమీ లేదు.

“మాఫీ ఇళ్లు పుస్తకంలో ఎక్కించలేదు. పుస్తకంలో లేకపోతే ఇల్లు లేనట్టే” అన్నాడు పంచాయతీ గుమస్తా. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదన్నట్టుంది వాళ్ల పని. గుమస్తా మాటకి నాకు ఒళ్లు మండింది. కానీ ఈసారి అయ్య వెనక్కి తప్పుకున్నాను. పల్లెకి తిరిగి వెళ్దామంటే అక్కడ చిన్నాన్న పిల్లలకే చోటు చాలడం లేదు. ఎక్కడికి పోతాం?

మూడు రోజులు అయ్య పని మానుకుని, పంచాయతీ ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. తువ్వాలు కొసన డబ్బులు ముడేసుకుని, వచ్చిన ప్రతివాడినీ బతిమాలాడు. “నాలుగేళ్ల పన్నూ కట్టించుకోండి బాబూ. ఒక్క రసీదు ఇప్పించండి.” పన్ను కట్టించుకోమని కాళ్లు పట్టుకునే మనిషిని ఆ ఆఫీసువాళ్లు ఎప్పుడూ చూసి ఉండరు. కొందరు నవ్వారు. నేను అయ్య వెనకాల, గోడకి ఆనుకుని నిలబడ్డాను.

మూడో రోజు ఆ బిల్లు కలెక్టరే బయటికి వచ్చాడు. పాత ఏళ్ల రశీదులు ఇప్పుడు రాస్తే తన ఉద్యోగం పోతుందన్నాడు. కోపం లేదు ఆయనకి, అలసిపోయి ఉన్నాడు. ఆ తర్వాత నన్ను చూసి గుర్తుపట్టాడు.

“ఆ రోజు నానే ఇంటికొచ్చి కట్టమన్నాను కదా. మాఫీ అని ఈ గుంటే కదా నన్ను తరిమీసింది!”

అవునని చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోగా అయ్య నాకూ ఆయనకీ మధ్యకి వచ్చి నిలబడ్డాడు.

“దానికేటీ తెలీదు బాబూ. నానే అలా సెప్పమన్నాను. ఆ రోజు నాను ఇంట్లోనే ఉన్నాను.”

ఆ రోజు మా అయ్య అనంతగిరి కాఫీ తోటలో ఉన్నాడు.